దగ్గరి గైడా, దూరపు మెంటరా? మగపెత్తనం మీద రీసెర్చ్ చేసేవాళ్లకు ఏది మేలు

మొన్నామధ్య మద్దిలపాలెంలో టీ తాగుతుంటే ఒక జూనియర్ అడిగింది, "అక్కా, మా గైడ్‌కి ఈ టాపిక్ అస్సలు తెలీదు, అమెరికాలో ఒక మేడమ్ నెలకోసారి మాట్లాడతానన్నారు, ఆవిడనే నమ్ముకుంటే పోదా?" అని. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. నేనూ ఇదే టాపిక్‌తో పీహెచ్‌డీ గట్టెక్కినదాన్నే, ఇప్పుడు ముగ్గురు పిల్లలు సలహాలకని మా ఇంటికొస్తుంటారు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఒక మాట. మగవాళ్ల కష్టాల గురించి మాట్లాడే ప్రతివాడూ మగపెత్తనం లెక్కలోకి రాడు. ఆడది పుట్టుకతోనే తక్కువ, మగాడు చెప్పినట్టు పడి ఉండాలి అని నమ్మి, ఆ నమ్మకాన్ని పదిమందికీ ఎక్కించే భావజాలం గురించి నేను చెప్పేది. ఈ రెంటినీ విడదీసి చూడటం రాకపోతే థీసిస్ మొదటి చాప్టర్‌లోనే బోల్తా కొడుతుంది.

చదువు వరకైతే దూరపు మెంటర్‌దే పైచేయి, అందులో వాదన లేదు. ఆడవాళ్ల మీది ద్వేషంతో ముడిపెట్టి చెప్పే రెండు ఘోరాలు, 2014లో కాలిఫోర్నియాలోని ఐలా విస్టా హత్యలు, 2018లో టొరంటో వ్యాన్ దాడి జరిగాక అక్కడ ఈ సబ్జెక్టు మీద పని బాగా పెరిగింది. ద్వేష సంస్థల మీద కన్నేసి ఉంచే అమెరికా సంస్థ సదరన్ పావర్టీ లా సెంటర్ మగపెత్తనాన్ని ద్వేష భావజాలాల్లో చేర్చిందీ 2018లోనే. తోడు దొరకలేదన్న కసిని ఆడవాళ్ల మీద చూపే మగాళ్ల ఆన్‌లైన్ గుంపులకి ఇప్పుడు వాడే 'ఇన్సెల్' అనే మాట 1990ల్లో కెనడాలో ఒకమ్మాయి, తోడు దొరకని ఆడా మగా అందరి కోసం మొదలుపెట్టిందని నాకు చెప్పింది మా దూరపు మెంటరే. జాగ్రత్తలు నేర్పింది కూడా ఆవిడే: ఈ పనికి వేరే అకౌంట్ వాడు, డిపార్ట్‌మెంట్ పేజీలో నీ ఫోన్ నంబర్ తీయించు, ఎవరి పోస్టూ ఉన్నదున్నట్టు ఎత్తి రాయకు, వెతికితే ఇట్టే దొరికిపోతారు అని.

కానీ దూరపు కొండలు నునుపు. తెలుగు కామెంట్లు వెయ్యి ఏరి, అనువాదంతో సహా ఆవిడకి పంపాను. అందులో ఒకడు ఒక యాంకర్ ఫొటో కింద "అబ్బో, పతివ్రతా శిరోమణి" అని పెట్టాడు. ఆవిడ దాన్ని మెచ్చుకోలు కింద వేసేశారు! ఆ 'అబ్బో'లో ఎంత విషముందో విశాఖలో ఇంటర్ చదివే పిల్లాడైనా చెప్తాడు. భార్యని భర్త, అత్తింటివాళ్లు హింసిస్తే పెట్టే 498ఏ కేసు సంగతీ అంతే. 1983లో ఆ సెక్షన్ ఎందుకు వచ్చింది, 2014లో సుప్రీంకోర్టు వెంటనే అరెస్టులు వద్దని ఎందుకు అంది, ఇప్పుడది న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా ఎలా మారింది, ఇదంతా తెలియకుండా మన దగ్గరి 'ఫేక్ కేసుల' గోలని చదివితే, నిజంగా దెబ్బతిన్నవాడి ఏడుపుకీ ద్వేషం అమ్ముకునేవాడి అరుపుకీ తేడా తెలీదు.

ఇక ఇక్కడి గైడ్. 'ఆడవాళ్ల అసలు రంగు తెలిసి కళ్లు తెరుచుకున్నాయి' అనడానికి ఈ ఆన్‌లైన్ గుంపులు వాడే మాట రెడ్ పిల్, మా సార్‌కి అదంటే మందుబిళ్ల. చాప్టర్ ఇస్తే కామాలు దిద్ది ఇచ్చేవారు. ఆయన్నీ పూర్తిగా తప్పు పట్టలేం, యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ కింద ఎనిమిది మంది స్కాలర్ల దాకా ఉండొచ్చు, మన వంతు వచ్చేసరికి టీ చల్లారిపోతుంది. అయితే నా రెండో ఏడాది ఒక రోజు పొద్దున్న పదింటికి, ఎవడో నా హాస్టల్ పేరూ రూమ్ నంబరూ కామెంట్లలో పెట్టేశాడు. చేతులు వణుకుతున్నాయి. మెంటర్‌కి మెసేజ్ పెట్టా, అక్కడ అర్ధరాత్రి, పాపం ఆవిడ నిద్రలో ఉన్నారు. సార్‌కి ఫోన్ చేస్తే "అక్కడే ఉండమ్మా" అని స్కూటర్ మీద వచ్చేశారు, స్టేషన్‌లో బల్ల మీద నా పక్కన రెండు గంటలు కూర్చున్నారు, కంప్లైంట్‌లో కూడా కామాలు దిద్దారు.

మూడో దారి కూడా ఉంది, తోటివాళ్ల గుంపు. మా పెద వాల్తేరు ఇంట్లో శనివారం సాయంత్రాలు జరిగేది అదే. కామెంట్లు పంచుకుని చదువుతాం, మనిషికి వందకు మించి కాదు, చీకటి పడితే ఆపేస్తాం. ఈ గుంపులో ఉన్న ఒక్క మగపిల్లాడు ఒకసారి తలొంచుకుని అన్నాడు, "అక్కా, వాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజం ఉందేమో అనిపిస్తోంది" అని. ఉద్యోగం లేదు, ఇంట్లో పెళ్లి మాటలు, ఆ వీడియోలేమో రోజూ ఐదారు గంటలు చూడాలి. ఎవరికైనా అనిపిస్తుంది. ఎవరం తిట్టలేదు, ఏ వీడియో, ఏ మాట దగ్గర అలా అనిపించిందో చెప్పమన్నాం, చివరికి అదే వాడి మూడో చాప్టర్ అయింది. నెలకోసారి వచ్చే వీడియో కాల్‌లో, ఇంగ్లిష్‌లో, వాడు ఆ మాట చచ్చినా అనడు. గుంపుకి ఉన్న లోటల్లా, సంతకం పెట్టే అధికారం ఎవరికీ లేదు, పైగా అందరం ఒకేసారి అలిసిపోతే ఆ వారమంతా బజ్జీలూ కబుర్లే.

ఒక్కటే ఎంచుకోమంటే నేను దగ్గరి గైడ్‌నే ఎంచుకుంటా, టాపిక్ తెలియకపోయినా సరే. టాపిక్ తెలిసినవాళ్లని తర్వాత వెతుక్కోవచ్చు, అవసరమైతే వేరే డిపార్ట్‌మెంట్ నుంచో బయటి నుంచో కో-గైడ్‌ని పెట్టుకోవడానికి అవే నిబంధనల్లో వీలుంది. కానీ "ఇలాంటివి పట్టించుకోకమ్మా" అని చేతులు దులుపుకునే గైడ్ అయితే మాత్రం మొదటి ఏడాదిలోనే మార్చుకోండి, మొహమాటపడితే నష్టపోయేది మీరే.

టీ కొట్టు దగ్గర అడిగిన పిల్లకి తర్వాత ఫోన్ చేసి, మీ సార్‌ని ఒక్కటే అడుగు అన్నాను, రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తుతారా అని. అడిగింది. ఎత్తుతానన్నారట, వాట్సాప్‌లో ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు మాత్రం పంపొద్దన్నారట.