దయలేమిని చెప్పే మాటల కోసం ‘ఆంధ్రభారతి’ నిఘంటు శోధన: ఒక అనువాదకురాలి సమీక్ష

ఇంట్లో మంచాన పడినవారిని చూసుకునే సహాయకుల శిక్షణ కోసం రాసిన ఒక చిన్న ఆంగ్ల పుస్తకాన్ని తెలుగు చేస్తున్నప్పుడు, ‘ఇన్‌సెన్సిటివ్’ అన్న ఒకే మాట మూడు అధ్యాయాల్లో మూడు వేర్వేరు సంగతులను చెప్తూ నాకు ఎదురైంది. మొదటి చోట అది చక్కెర వ్యాధి వల్ల స్పర్శ పోయిన అరికాలు. రెండో చోట, పక్క గదిలో పెద్దాయన మూలుగుతున్నా ఆ సంగతే గమనించకపోవడం. మూడో చోట, గమనించి కూడా మనసు కరగకపోవడం. ఈ మూడింటికీ తగిన తెలుగు మాటల కోసం నేను ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైట్‌లోని నిఘంటు శోధనను పది రోజుల పాటు దాదాపు ప్రతి గంటా వాడాను. దాని గురించి నాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఈ సేవ గొప్పతనం ఒక్క మాటలో చెప్పవచ్చు. ఒక పదం ఇస్తే పలు నిఘంటువులు ఒకేసారి తెరుచుకుంటాయి. 1852లో తొలిసారి వెలువడిన బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, పిఠాపురం రాజావారి పోషణలో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకే పుటలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. బల్ల నిండా బరువైన సంపుటాలు పరచుకొని పని చేసినవారికి ఇది ఎంత ఊరటో వేరుగా చెప్పనక్కరలేదు.

శరీరానికి సంబంధించిన మాటల దగ్గర పని త్వరగానే తెమిలింది. తిమ్మిరి కొంతసేపు ఉండి తగ్గిపోయేది, మొద్దుబారడం తగ్గకుండా అలాగే ఉండేది. కుష్ఠువ్యాధి గురించి ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా చెప్పే ‘స్పర్శ లేని మచ్చ’ అన్న మాట అందరికీ తెలిసినదే కనుక, అరికాలికి కూడా ‘స్పర్శ లేని’ అనే వాడాను. మా అమ్మ మాత్రం తన కాళ్ళ గురించి ‘దూది మీద నడిచినట్టుంది, చెప్పు జారిపోయినా తెలియడం లేదు’ అంటుంది. వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఆ వాక్యంలోనే ఉంది. దాన్ని పుస్తకంలో యథాతథంగా చేర్చాను.

రెండో అర్థం దగ్గర చిక్కు మొదలైంది. నేను మొదట రాసుకున్న ‘స్పృహ లేని’ అన్న ప్రయోగాన్ని సరిచూసుకోవడానికి వెతికితే, సంస్కృతంలో స్పృహ అంటే కోరిక అన్న సంగతి మళ్ళీ గుర్తుకు వచ్చింది. అక్కడ నిస్పృహుడు ఆశలు విడిచిన విరాగి, గౌరవించదగినవాడు. తెలుగులో మాత్రం స్పృహ తెలివిడిగా మారింది, నిస్పృహ నిరాశకు జంటపదమై కుంగుబాటును చెప్తోంది. ఉదాసీనత కూడా ఇలాగే దారి మళ్ళింది. గీతలో భక్తుడి సద్గుణంగా చెప్పిన మాట మన వార్తాపత్రికల్లో అధికారుల మీద అభియోగంగా నిలిచింది. చిత్తుప్రతిని ఇద్దరు సహాయకులకు చదివి వినిపించినప్పుడు, వరంగల్ వైపు నుంచి వచ్చిన ఆవిడ ‘సోయి లేకుండ ఉండుడు’ అని ఒక్క ముక్కలో తేల్చింది. గుంటూరు ఆవిడకు ‘పట్టించుకోకపోవడం’ అన్నదే సహజంగా తోచింది. నేను రెండూ ఉంచాను.

మూడో అర్థం దగ్గరే ఈ సేవ నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది. దయలేనివాడికి మన భాషలో ఇన్ని పేర్లు ఎందుకున్నాయో గాని, నిర్దయుడు, నిష్కరుణుడు, కఠినుడు, కర్కశుడు, నృశంసుడు అంటూ వరుస సాగుతూనే ఉంటుంది. వాటిలో నిర్ఘృణుడు అన్న మాట నన్ను చాలాసేపు ఆపింది. అమరకోశం దయకు చెప్పిన పేర్లలో కరుణ, కృప, అనుకంపలతో పాటు ఘృణ కూడా ఉంది. అదే ఘృణకు రోత అన్న అర్థం కూడా ఉంది. పుండు కడిగే మనిషికి కలిగే రోతనూ, అదే మనిషికి కలిగే జాలినీ ఒకే మాట మోయడం నాకు ఆశ్చర్యంగా తోచలేదు. ఆ పని చేసినవారికి రెండూ ఒకే క్షణంలో కలుగుతాయని తెలుసు. నిష్ఠుర శబ్దం మరో దారి పట్టింది. మూలంలో కటువైన, దయలేని అన్న అర్థమున్న ఆ మాట మన ఇళ్ళలో దీర్ఘం తీసుకొని నిష్ఠూరమై, దయ దొరకని మనిషి చెప్పుకొనే మాటగా మారింది. ‘నన్ను చూడడానికే రావడం లేదు’ అని ముసలితల్లి ఆడేది నిష్ఠూరమే. ఇలాంటి మలుపులు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప పట్టుబడవు.

లోటు కూడా చెప్పాలి. అది ఈ సేవ కంటే, అది మోస్తున్న పాత నిఘంటువుల స్వభావానిది. శబ్దరత్నాకరం వంటివి ఎక్కువగా పర్యాయపదంతోనే అర్థం చెప్తాయి కనుక, కఠినుడి దగ్గర మొదలుపెట్టినవారు క్రూరుడి మీదుగా తిరిగి బయలుదేరిన చోటికే చేరుకుంటారు. ఏ మాట ఎంత బరువైనది, ఏది తల్లి బిడ్డతో విసుగుతో అనగలదు, ఏది కోర్టు తీర్పులో మాత్రమే రాయదగినది అన్న వివేచన వాటిలో అరుదు. ‘వి.’ (విశేష్యం), ‘విణ.’ (విశేషణం) వంటి సంక్షిప్తాలు అలవాటు లేని విద్యార్థిని తడబరుస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, తెలుగువాడు దయలేమిని నిజంగా చెప్పేది ఒంటి మాటలతో కాదు. ‘చీమ కుట్టినట్టైనా లేదు’, ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’, ‘నిమ్మకు నీరెత్తినట్టు’ అన్న పలుకుబడుల్లో చర్మం, తడి, కుట్టు ఉంటాయి, అంటే స్పర్శే ఉంటుంది. నా మొదటి అధ్యాయంలోని అరికాలూ మూడో అధ్యాయంలోని మనసూ అక్కడ కలుసుకున్నాయి. వీటిని చేరాలంటే చీమ, దున్నపోతు అని ముందే తెలిసి వెతకాలి. దయలేమి అన్న భావం నుంచి పలుకుబడికి దారి చూపే సూచిక ఒకటి తోడైతే అనువాదకులకు ఎంతో ఉపకారం జరుగుతుంది.

రాత, అనువాదం, బోధన చేసే ప్రతివారికీ ఈ సేవను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే అక్కడ దొరికిన మాటను ముద్రణకు పంపే ముందు, ఆ మాట వినవలసినవారికి ఒకసారి చదివి వినిపించడం మంచిది. నేను మూడో అధ్యాయానికి ‘నిర్దయ’ అని పేరు పెట్టి, ఆ ఇద్దరు సహాయకులూ విన్న తరువాత కొట్టివేసి, ‘కనికరం లేని చేతులు’ అని మార్చాను.