పవర్ ప్లాంట్ కార్బన్ క్యాప్చర్ రివ్యూ: చిమ్నీ దగ్గర 90 శాతం సరే, మిగతా లెక్కో?

ఐదుకి రెండు స్టార్లు. చిమ్నీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఈ సామాను పనిచేయదని కాదు, బాగానే పనిచేస్తుంది, గొడవంతా దాని చుట్టుపక్కల ఉంది.

బొగ్గు ప్లాంటు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 15 శాతమే, గ్యాస్ ప్లాంటులో అయితే 4 శాతం దగ్గర, మిగిలినదాంట్లో ఎక్కువ నైట్రోజనే. ఆ పొగను చల్లార్చి ఒక టవర్‌లోకి పంపితే పైనుంచి కారే అమీన్ (అమ్మోనియాకి చుట్టమైన రసాయనం) ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటుంది, ఆ ద్రావణాన్ని ఇంకో టవర్‌లో 120 డిగ్రీల దాకా వేడి చేస్తే గ్యాస్ విడిపోతుంది, దాన్ని కంప్రెస్ చేసి పైపులో పంపేస్తారు.

తిరకాసంతా ఆ 120 డిగ్రీల దగ్గరే. అంత వేడికి కావలసిన ఆవిరిని టర్బైన్ తిప్పాల్సిన ఆవిరిలోంచే లాగుతారు, కంప్రెసర్ల కరెంటు కూడా ప్లాంటుదే, కాబట్టి బయటికి అంతే కరెంటు ఇవ్వాలంటే చాలావరకు 15 నుంచి 30 శాతం దాకా ఎక్కువ ఇంధనం కాల్చాలి. 25 శాతం అనుకోండి. 100 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వచ్చే చోట 125 టన్నులు వస్తుంది, 90 శాతం పట్టినా పన్నెండున్నర టన్నులు గాల్లోకి పోతుంది. ఇదేమంత పెద్ద తేడా అంటారా, నిజమే, చిమ్నీ వరకు నాకూ అభ్యంతరం లేదు. కానీ అదనంగా కాల్చే ఆ బొగ్గునీ తవ్వాలి, రవాణా చేయాలి, దాని బూడిదకి చోటు చూడాలి, గనిలోంచి మీథేన్ లీకవుతూనే ఉంటుంది, అవేవీ ఈ టవర్‌కి కనపడవు. కూలింగ్‌కి నీళ్ళ వాడకం కూడా బాగా పెరుగుతుంది, ఈ సంగతి అమ్మేవాళ్ళు అడిగితే తప్ప చెప్పరు.

అమీన్ సంగతి వేరే. వేడికీ ఆక్సిజన్‌కీ అది మెల్లగా పాడవుతుంది, అమ్మోనియా వదులుతుంది, కొన్ని రకాల అమీన్ల నుంచి నైట్రోసమైన్లు పుడతాయి, వాటిలో క్యాన్సర్ కలిగించేవీ ఉన్నాయి. టవర్ పైన నీళ్ళతో కడిగే ఏర్పాటు పెడితే చాలావరకు ఆగుతాయి. పాడైన ద్రావణాన్ని మాత్రం జాగ్రత్తగా వదిలించుకోవాల్సిందే. ఒక మంచి కూడా చెప్పాలి: సల్ఫర్ డయాక్సైడ్ ఉంటే అమీన్ చెడిపోతుంది కాబట్టి దాన్ని ముందే తీసేస్తారు, చుట్టుపక్కల వాళ్ళకి ఆ మేరకు గాలి బాగుపడుతుంది. ఒక స్టార్ అచ్చంగా దీనికే.

ఇక వాడినవాళ్ళ అనుభవం. కెనడాలో బౌండరీ డ్యామ్ అనే బొగ్గు ప్లాంటు మూడో యూనిట్‌లో ఇది 2014లో మొదలైంది, ఏడాదికి 10 లక్షల టన్నులు పడతామన్నారు, 2023 నాటికి మొత్తం కలిపి దాదాపు 50 లక్షల దగ్గరే ఉంది. టెక్సాస్‌లో ఒక బొగ్గు ప్లాంటుకి పెట్టిన పెట్రా నోవా 2017లో మొదలై, చమురు ధర పడిపోయాక 2020లో ఆగి, 2023లో మళ్ళీ నడిచింది. అది ఒక యూనిట్ పొగలో మూడో వంతుకి కాస్త పైన మాత్రమే శుభ్రం చేసేది, పైగా ఆవిరి కోసం విడిగా ఒక గ్యాస్ యూనిట్ పెట్టారు, దాని పొగ నేరుగా ఆకాశంలోకే.

చమురు ధరకీ దీనికీ ఏంటి సంబంధం అంటే, రెండు చోట్లా పట్టిన గ్యాస్‌లో ఎక్కువ భాగం పాత చమురు బావుల్లోకే పోయింది, అక్కడ మిగిలిన చమురు బయటికి తోయడానికి. గ్యాస్‌లో చాలా భాగం భూమిలోనే ఉండిపోతుంది, ఒప్పుకుంటా, కానీ పైకొచ్చిన ఆ చమురుని ఎవరో ఒకరు కాలుస్తారు కదా! ఆ పొగ ఎవరి ఖాతాలో?

పైపు భయం కూడా ఉత్తిదే అనుకోకండి, 2020లో మిసిసిపీలోని సటార్షియా దగ్గర కార్బన్ డయాక్సైడ్ పైపు పగిలితే 45 మంది ఆసుపత్రికి వెళ్ళారు. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది, గాలి అందకపోతే కారు ఇంజన్ కూడా ఆగిపోతుంది.

సిమెంటు ఫ్యాక్టరీకైతే నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణి. అక్కడ కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా సున్నపురాయిలోంచే వస్తుంది, ఇంధనం మార్చినా ఆగదు. కరెంటుకి అలాంటి ఇబ్బంది లేదు, గాలీ ఎండా ఉన్నాయి.