గద్దల లెక్కకు 8×42 బైనాక్యులర్: 6 వసంతాల వాడకం తర్వాత

మార్చి, ఏప్రిల్ నెలల్లో బెంగళూరుకు ఉత్తరాన ఉన్న నంది కొండ (నంది హిల్స్) మీద వలస గద్దల్ని లెక్కపెట్టడానికి ఆరేళ్లుగా వాడుతున్నది ఈ ఒక్క 8×42 బైనాక్యులరే (8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు). ధర 20 వేల పైచిలుకు, బరువు 700 గ్రాముల లోపు. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఈ ధరలో దొరికే చాలావాటికి వర్తిస్తాయి.

10×42 ఎందుకు కాదని అందరూ అడుగుతారు. ఈ 8×లో చూపు వెడల్పు 7.5 డిగ్రీలు, అంటే కిలోమీటరు దూరంలో దాదాపు 130 మీటర్లు. 6.5 డిగ్రీల 10×లో అది 113కి పడిపోతుంది. ఆకాశంలో గుర్తు పెట్టుకోవడానికి చెట్టూ పుట్టా ఉండవు. ఉత్త కంటికి కనబడిన చుక్కను అద్దంలోకి తెచ్చుకునేలోపే అది జారిపోతుంది. ఆ 17 మీటర్ల విలువ అప్పుడు తెలుస్తుంది. పైగా కొండ అంచున గాలికి చెయ్యి వణికితే 10×లో ఆ వణుకు ఇంకా పెద్దగా కనబడుతుంది. మూడు గంటలు చూడాల్సిన పనికి 8× సరైనదని నా గట్టి అభిప్రాయం.

మబ్బు లేని నీలాకాశమే అసలు కష్టం. చూడ్డానికి ఏమీ లేనప్పుడు కన్ను తనంతట తనే దగ్గరి చూపుకు వచ్చేస్తుంది, దూరాన పోయే గద్ద ఎదురుగా ఉన్నా కనబడదు. అందుకే కొన్ని నిమిషాలకోసారి ఎదుటి స్కందగిరి కొండ అంచు మీదో, మబ్బు అంచు మీదో ఫోకస్ చేసి, చక్రం కదపకుండా పైకి ఎత్తాలి. ముందు కొండల గీత వెంట ఒక వరస, తర్వాత సగం చూపు పైకి జరిపి వెనక్కి ఇంకో వరస. సూర్యుడి దరిదాపుల్లోకి మాత్రం అద్దాన్ని తిప్పొద్దు, కన్ను పోతుంది.

రెండు గంటలకే తలనొప్పి వస్తోందంటే ముందు డయాప్టర్ రింగు, అంటే రెండు కళ్ల చూపులో తేడాను సరిచేసే రింగు, చూడండి. కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో దూరపు బండ అంచును మధ్య చక్రంతో స్పష్టం చేయాలి. తర్వాత ఎడమవైపు మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా కుడి రింగు ఒక్కటే తిప్పి అదే అంచును చూడాలి. మా దాంట్లో ఈ రింగుకు లాక్ లేదు, సంచిలో రాపిడికే కదిలిపోతుంది. సరైన చోట సన్నని టేపు ముక్క అంటించాక ఆ బాధ తప్పింది.

వసంతంలో పక్షులు ఉత్తరానికి పోతాయి కాబట్టి దక్షిణం వైపు, అంటే బెంగళూరు వైపు తిరిగి కూర్చోవాలి. బండలు వేడెక్కి గాలి పైకి లేచేదాకా, దాదాపు 9:30 వరకు, పెద్దగా కదలిక ఉండదు. వేడిగాలిలో సుడి తిరుగుతున్నప్పుడు లెక్కపెడితే ఒకే పక్షి రెండుసార్లు పడుతుంది. సుడి వదిలి ఒకదాని వెనక ఒకటి జారిపోయేటప్పుడే క్లిక్కర్ (నొక్కితే ఒకటి పెరిగే లెక్క మీట) నొక్కాలి. రోజంతా అక్కడక్కడే తిరిగే ఊరి నల్లగద్దల్ని ఇందులో కలపొద్దు. హిమాలయాల దగ్గరి గుంపులు ఇక్కడ ఉండవు, లెక్క వేలల్లో కాదు, వేళ్ల మీదే సాగే రోజులు ఎక్కువ. అందుకే ఒక్క తప్పు కూడా లెక్కను పాడుచేస్తుంది. గంట గంటకూ గాలి దిక్కు, మబ్బు, ఎంత దూరం కనబడుతోందో కూడా రాయాలి. సున్నా వచ్చిన గంటనూ రాయాలి.

మార్ష్ హారియర్ అనే గద్ద రెక్కలు కాస్త పైకెత్తి, లోతు తక్కువ ‘V’ ఆకారంలో పోతుంది. తేనె గద్ద రెక్కలు బల్లపరుపు, తల పావురంలా చిన్నది. ఇంతవరకు 8× బాగా చూపిస్తుంది. బూటెడ్ ఈగిల్ ఎదురుగా వచ్చినప్పుడు రెక్కలు మెడను కలిసేచోట రెండు తెల్లచుక్కలు లైట్లలా మెరుస్తాయి, దూరం మరీ ఎక్కువ కాకపోతే అవీ దొరుకుతాయి. పాలిడ్, మాంటేగూ హారియర్ ఆడపక్షుల్ని దూరం నుంచి విడదీయడం దీనివల్ల కాదు. అప్పుడు ‘హారియర్, జాతి తేలలేదు’ అని రాయడమే నిజాయితీ.

ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు, పక్షులూ ఎత్తుకు పోతాయి. మెడకు వేసే పట్టీతో ఆ వేళకు మెడ పట్టేస్తుంది. భుజాల మీద బరువు పడే హార్నెస్, వెనక్కి వాలే మడత కుర్చీ రెండూ కొనాల్సిందే.

నాలుగో ఏడు కుడి ఐకప్ (కంటికి ఆనే రబ్బరు గిన్నె) వదులై దానంతటదే లోపలికి దిగడం మొదలైంది, రబ్బరు పట్టీ చుట్టి నెట్టుకొస్తున్నాం. చేతులు పట్టుకునే చోట తొడుగు జిగటగా మారింది. అద్దాలకు మాత్రం బూజు పట్టలేదు. వానాకాలమంతా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచుతాం. దుమ్మును ముందు బ్లోయర్‌తో ఊదేస్తాం, గుడ్డ ఆ తర్వాతే.

కొనేముందు కొట్టు బయటికి తెచ్చి, దూరపు కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్‌ను కళ్లనుంచి మెల్లగా వెనక్కి జరపండి. రెండు వలయాల్లో తీగ ఒకదానికంటే ఒకటి పైకీ కిందకీ కనబడితే ఆ పీసు వద్దు, ఇంకోటి తెమ్మనండి.