పురుగు పట్టని నిమ్మ మొక్క: అనంతపురంలో ఒక నర్సరీ, ఒక తోపుడు బండి

నర్సరీలో కొన్న నిమ్మ మొక్కకు నలభై రోజుల్లో ఒక్క చిల్లు కూడా పడలేదు. వేరేవాళ్ళయితే ఐదు స్టార్లు ఇస్తారు. నేను మూడిస్తున్నాను, అందులోనూ ఒకటి మొక్కలు ఎత్తి ఆటోలో సర్దిన పిల్లవాడికి.

నేను అనంతపురంలో ఇంట్లోనే బ్లౌజులు కుట్టుకుంటాను. మిద్దె మీద రేకుల గదిలో మిషన్, తలుపు తీస్తే ఎదురుగా కుండీలు. నాకు సీతాకోకచిలుకలు కావాలి, అందులోనూ పెద్దవి, స్వాలోటెయిల్ అనే జాతివి. స్వాలో పిట్టకు తోక చీలి ఉన్నట్టు వీటికి వెనక రెక్కల చివర చిన్న తోకలుంటాయని ఆ పేరు. మన నిమ్మచెట్ల చుట్టూ తిరిగే నలుపు పసుపు మచ్చలదానికి మాత్రం తోక ఉండదు, కుటుంబం మాత్రం అదే.

పూలు పెడితే వస్తాయి, తాగుతాయి, పోతాయి. నిలవాలంటే వాటి పిల్లలు, అంటే గొంగళి పురుగులు, తినే ఆకు కావాలి. నిమ్మ, చీనీ (బత్తాయి), కరివేపాకు, మారేడు ఇవన్నీ ఒకే కుటుంబం చెట్లు, ఈ జాతిలో కొన్నిటికి ఆ ఆకే కావాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా నాయనది గార్లదిన్నె వైపు చీనీ తోట. చిన్నప్పుడు సెలవులొస్తే నాకూ తమ్ముడికీ అదే పని, లేత మొక్కల మీది పురుగులు ఏరి సబ్బు నీళ్ళ డబ్బాలో వేయడం. పదింటికి పావలా. పెద్ద చెట్టుకు వాటితో ఏం కాదు గానీ, కొత్తగా నాటిన మొక్కల చిగుళ్ళను చూస్తుండగానే బోడి చేసేస్తాయి. అవే పురుగుల కోసం నేనిప్పుడు డబ్బులిచ్చి మొక్కలు కొంటున్నానని నాయనకు చాలా రోజులు చెప్పలేదు.

నర్సరీ ఊరి బయట, రోడ్డు పక్కనే. పేరు రాయను. చూడ్డానికి బాగుంటుంది. పచ్చ నెట్టు కింద మొక్కలన్నీ బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉంటాయి, నేల మీద చెత్త ఉండదు, చాలా మొక్కలు కడియం నుంచి లారీలో దిగుతాయట. జూన్ చివర్లో వెళ్ళి నిమ్మ నూటయాభై, కరివేపాకు నలభై, నూరువరహాలు నూటపది, ముద్ద మందారం నూట ఇరవై పెట్టి తెచ్చుకున్నాను. బేరం ఆడనివ్వరు. మొక్కలు ఎత్తుతూ ఆ పిల్లవాడు గర్వంగా చెప్పినాడు.

"ఒక్క పురుగు కూడా ఉండదక్కా. వారం వారం మందు కొడతాం."

నా మొహం చూసి వాడికి ఏమీ అర్థం కాలేదు.

వారం తిరక్కుండానే మొదటి అతిథి వచ్చింది. ఈ గుడ్లు పెట్టడం మిషన్ ఆపి చూడాల్సిన పని. ఆకు మీద పూర్తిగా వాలదు. రెక్కలు ఆడిస్తూనే కాళ్ళతో చిగురు పట్టుకుని, పొట్ట చివర వంచి, ఒక్క గుడ్డు అంటించి ఎగిరిపోతుంది. మళ్ళీ ఇంకో చిగురు, ఇంకో గుడ్డు. నేను హుక్కులు కుట్టేటప్పుడు సూది ఇలాగే పోతుంది. గుడ్డు గసగసమంత, లేత పసుపు. నిమ్మ మీద ఐదు లెక్కపెట్టాను. నాలుగో రోజు ఐదూ పగిలినాయి. ఆ మరుసటి రోజుకు మూడు పురుగులు ఆకు మీదే ఎండిపోయి ఉన్నాయి, రెండు కనిపించలేదు. పది రోజుల తర్వాత ఇంకో విడత, అదే కథ.

అప్పుడు నాయనకు ఫోన్ చేసి చెప్పక తప్పలేదు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "పైన కొట్టిన మందయితే వానకు కడుక్కుపోతుంది. వేర్ల దగ్గర పోసే మందు ఆకులోకే ఎక్కుతుంది, ఎన్ని వారాలైనా ఉంటుంది. నర్సరీవోళ్ళు అదే పోసింటారు" అన్నాడు. నేను రుజువు చేయలేను గానీ నాకూ అదే అనిపించింది. ఆ మాట విన్నాక గుర్తొచ్చింది, పక్క కుండీలో కరివేపాకు కూడా అక్కడిదే. పురుగు తినని ఆ ఆకును మేం రెండు వారాలుగా పోపులో వేసుకుంటున్నాం. ఇది చదివేవాళ్ళు సీతాకోకచిలుకల సంగతి వదిలేసినా పర్వాలేదు, నర్సరీ నుంచి తెచ్చిన కరివేపాకును మాత్రం వెంటనే దూసుకోకండి. పాత ఆకు దూసి పారేసి కొత్త చిగుళ్ళు రానివ్వండి. నేను రెండు నెలలు ముట్టలేదు.

మళ్ళీ నర్సరీకి వెళ్ళి అడిగాను. ఓనరు పెద్దాయన, కుర్చీలోంచి లేచి మరీ విన్నాడు. "పురుగు సచ్చిపోయిందని కంప్లైంట్ తెచ్చిన మనిషివి నువ్వొక్కదానివేనమ్మా" అన్నాడు. మందు పేరు అడిగితే దాటేశాడు. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు, ఒక లాంటానా మొక్క ఊరికే ఇచ్చాడు. అది మాత్రం బంగారం. ఉదయం ఎనిమిది నుంచి దాని మీద ఏదో ఒక రెక్క ఆడుతూనే ఉంటుంది. కుండీలోనే ఉంచాలి, కాయలు రాకముందే పూలగుత్తులు కత్తిరించాలి, లేకపోతే పొలాల గట్లకు ఎక్కి దిగదు. నూరువరహాలు కూడా బాగా పనికొచ్చింది. ముద్ద మందారం దండగ. అన్ని రేకల మధ్య తేనె ఎక్కడుందో దానికి దొరికినట్టు లేదు, వచ్చి చుట్టూ తిరిగి పోయింది.

ఇక తోపుడు బండి. మా వీధికి గురువారాలు వచ్చే మొక్కలాయన. ఆయన దగ్గర షేడు నెట్టు లేదు, బిల్లు లేదు, నల్ల కవర్లు సగం చినిగి ఉంటాయి. నిమ్మ మొక్క యాభై అన్నాడు. ఆకులు కొరికి ఉన్నాయి చూడమన్నాను. తగ్గించమని అడుగుతున్నాననుకుని ముప్పైకి ఇచ్చేశాడు. గింజ మొక్క, కాయ కాయడానికి ఏళ్ళు పడుతుంది. నాకు కాయతో పనేముంది? నాకు కావాల్సింది ఆకు మీదే ఉంది, చూస్తే ఎవరైనా పిట్ట రెట్ట అనుకుంటారు. గోధుమ నలుపు మీద తెల్ల మరక, తడిగా మెరుస్తూ. అది పురుగు వేషం. పిట్ట చూసినా తన రెట్టే అనుకుని పోతుంది.

నాలుగుసార్లు చర్మం విడిచేసరికి వేషం మారి నిమ్మాకు పచ్చ అయింది, చూపుడు వేలిలో సగం పొడవు. కత్తెర మొనతో మెల్లగా తాకాను. తల వెనక నుంచి నారింజ రంగు పంగ ఒకటి చటుక్కున బయటికి వచ్చింది, ఉండేలు పంగలాగా, తడి తడిగా. దానితో పాటు పుల్లటి ఘాటు వాసన. చిన్నప్పుడు చేతులకు అంటిన వాసన అదే, ముప్పై ఏళ్ళ తర్వాత.

ఆ తర్వాత మొక్క దిగి వెళ్ళిపోయింది. రెండు రోజులు వెతికాను. చివరికి నా గదిలో కూలర్ స్టాండు వెనక దొరికింది. తోక చివర ఇనుముకు అంటించుకుని, తల పైకి పెట్టి, నడుము చుట్టూ ఒకే ఒక్క దారం వేసుకుని వెనక్కి ఆనుకుని ఉంది. ఇరవై రెండేళ్ళుగా దారంతోనే బతుకుతున్నాను, అంత బరువును ఒక్క పోగు మీద ఆపడం నాకు రాదు. కూలర్ పన్నెండు రోజులు వేయలేదు, మా ఆయన సణిగినా. పదమూడో రోజు పొద్దున ఉతికి పిండిన గుడ్డలా నలిగిన రెక్కలతో బయటికి వచ్చింది. గంట గడిచేసరికి ఇస్త్రీ చేసినట్టు సాపు అయినాయి.

నిమ్మను తినే ఈ నలుపు పసుపు మచ్చల రకం 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించి అక్కడి తోటలవాళ్ళను కూడా కంగారు పెట్టిందని మా అమ్మాయి చదివి చెప్పింది. ఆ మాట నాయనకు చెబితే, "పోనీలే, మనకొక్కరికే కాదు" అన్నాడు.

కరివేపాకు కొత్త చిగుళ్ళ మీదికి ఇంకో రకం వచ్చింది. మగది నలుపు, వెనక రెక్కకు అడ్డంగా తెల్ల మచ్చల బారు. ఆడదానిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్నిటికి మాత్రం ఎర్ర మచ్చలు. ఆ ఎరుపు దానిది కాదు, రోజ్ అనే విషపు రకాన్ని చూసి కాపీ కొట్టింది. ధర్మవరం పట్టుకు సూరత్ నకలులాగా. విషపుదాన్ని పిట్టలు ముట్టవు, నకలుకు కూడా ఆ మర్యాద దక్కుతుంది. ఆ అసలుది కూడా రావాలంటే ఈశ్వరి తీగ ఉండాలి. నర్సరీలో అడిగితే ఆ పేరే వినలేదన్నారు, బండాయన వెతుకుతానని మూడు గురువారాలుగా అంటూనే ఉన్నాడు. అదే జాతి గాడిదగడపాకు నల్లరేగడి చేలల్లో కలుపుగా మొలుస్తుంది, నాయన ఒక పిలక తెచ్చాడు. అది మనుషులకు కిడ్నీలు పాడుచేసే ఆకు, కాబట్టి చిన్నపిల్లలకు అందని మూలన పెట్టాను.

పళ్ళెంలో ఎర్రమట్టి తడిపి చిటికెడు ఉప్పు వేస్తే మగవి వచ్చి పీల్చుకుంటాయని కూడా ప్రయత్నించాను. తేనెటీగలొచ్చాయి, కాకి వచ్చింది.

నాయన వచ్చినప్పుడు మిద్దె మీదికి తీసుకెళ్ళాను. నిమ్మ కొమ్మ మీద పచ్చ పురుగును చూడగానే ఆయన బొటనవేలు, చూపుడు వేలు వాటంతట అవే ముందుకు పోయినాయి. "నాయనా!" అని అరిచాను. చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వు పెంచు. పెంచి నా తోట మీదికి తోలు" అన్నాడు.

కాబట్టి బండాయనకు ఐదు, మొక్కలు వాడిపోయి ఉన్నా సరే. నర్సరీకి మూడే. కానీ నిన్న అక్కడి పిల్లవాడు ఫోన్ చేశాడు. "అక్కా, పురుగు పట్టిన నిమ్మలు రెండున్నాయి, పారేయమంటున్నారు. ఇరవైకి ఒకటి, కావాలా?" ఆదివారం వస్తానన్నాను, అంతదాకా వాటికి మందు తగలనీయొద్దని రెండుసార్లు చెప్పాను.