గేజ్‌లో 10.9, ల్యాప్‌టాప్‌లో 11.5: నా వైడ్‌బ్యాండ్ కిట్ సంగతులు

టర్బో తగిలించిన కారుకి ఫ్యూయల్ ట్యూనింగ్ నేనే చేసుకుందామని వైడ్‌బ్యాండ్ కిట్ (ఎగ్జాస్ట్ పొగని చూసి గాలి, పెట్రోల్ పాళ్లని అంకెగా చూపించేది) ఒకటి కొన్నా, వాడబట్టి ఏడాదిన్నర అవుతోంది. వస్తువు మంచిదే. నా కోపమంతా దాని మాన్యువల్ రాసినోడి మీదే. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను పడ్డ తంటా అనలాగ్ వైరుతో (రీడింగ్‌ని వోల్టేజ్‌గా పంపేది) ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కలిపే ఏ కిట్‌తో అయినా పడొచ్చు.

ముందు కారు సంగతి. 1.8 లీటర్ ఇంజిన్, కంపెనీ నుంచి టర్బో లేకుండా వచ్చింది, ఇప్పుడు 0.6 బార్ బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి), 550 సీసీ ఇంజెక్టర్లు, స్టాండలోన్ ఈసీయూ (మనమే ట్యూన్ చేసుకునేది). పాత నారోబ్యాండ్ సెన్సర్ ఉంది కదా, దాంతో సరిపెట్టుకోవచ్చు కదా అని మొదట్లో నేనూ అనుకున్నా, కానీ దానికి తెలిసిందల్లా 14.7కి (ఒక పాలు పెట్రోల్‌కి బరువులో 14.7 పాళ్ల గాలి) ఇటా అటా అన్నదొక్కటే, బూస్ట్‌లో మనకి కావాల్సింది 11.5 చుట్టుపక్కల, అక్కడ అది 13 అయినా రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అంటుంది 10 అయినా రిచ్ అంటుంది. దాన్ని నమ్ముకుని బూస్ట్‌లో మ్యాప్ (పెట్రోల్ లెక్కల టేబుల్) చేయడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కిట్‌లో వచ్చేది బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్, గుండ్రటి గేజ్, వైర్ల గుత్తి. సెన్సర్ రెస్పాన్స్‌కి వంక పెట్టడానికి లేదు, గేర్ మార్చేటప్పుడు కాలు తీస్తే అంకె వెంటనే ఎగురుతుంది. టర్బో తర్వాత డౌన్‌పైప్‌లో (టర్బో నుంచి దిగే ఎగ్జాస్ట్ పైపు) కాస్త దూరంగా, వైరు వచ్చే తల పైకి వాలి ఉండేలా బిగించుకోండి, కిందికి వేలాడేలా పెడితే చల్లారినప్పుడు పైపులో పట్టిన నీళ్లు సెన్సర్లోకి దిగి, హీటర్ ఆన్ అవగానే లోపలి సిరామిక్ పగిలిపోతుంది. టర్బోకి ముందు పెట్టొద్దు, అక్కడ వేడీ ఎక్కువే, ప్రెజర్ వల్ల రీడింగూ తప్పుతుంది. ఇంతవరకూ మాన్యువల్లో బానే రాశారు.

ఇక అసలు కథ. గేజ్ నుంచి ఒక 0-5 వోల్ట్ వైరు ఈసీయూకి వెళ్తుంది, నా కిట్‌లో ఒక్కో వోల్టుకి 2 ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోల్ పాళ్ల అంకె) లెక్క. పవరు, గ్రౌండు మాత్రం డ్యాష్ కింద కనపడ్డ బోల్టుకి తగిలించేశా, బద్ధకం. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా, మా ఫ్రెండ్ డ్రైవింగ్, ఆటోట్యూన్ (రీడింగ్ చూసి పెట్రోల్ టేబుల్‌ని దానంతటదే దిద్దేది) ఆన్ చేసి గంటన్నర తిరిగాం. ల్యాప్‌టాప్ లాగ్‌లో బూస్ట్‌లో 11.5, గీత గీసినట్టు నిలబడింది, నేను పొంగిపోయా. కానీ బండి పై ఆర్‌పీఎంలో బరువుగా లాగుతోంది, ప్లగ్గులు విప్పి చూస్తే మసి పట్టి నల్లగా ఉన్నాయి. ఇంజెక్టర్లు లీక్ అనుకున్నా, ప్రెజర్ రెగ్యులేటర్ అనుకున్నా, రెండ్రోజులు పిచ్చెక్కింది. చివరికి మావాడే, "ఒరేయ్, గేజ్‌లో 10.9 చూపిస్తోంది, నువ్వేమో 11.5 అంటున్నావ్, రెండూ ఒకే సెన్సర్ కాదురా?" అన్నాడు. నేను గేజ్ వైపు అసలు చూడనే లేదు!

మల్టీమీటర్ తెచ్చి నల్ల ప్రోబ్ ఈసీయూ సెన్సర్ గ్రౌండ్ మీద, ఎర్రది కిట్ గ్రౌండ్ బోల్టు మీద పెట్టా, ఇంజిన్ నడుస్తుండగా 0.3 వోల్టు. గ్రౌండ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య సున్నా ఉండాలి కదా. సెన్సర్ హీటర్ తాగే కరెంటంతా పెయింట్ గీకని ఆ బోల్టు మీదుగా పోతోంది, దాంతో కిట్ గ్రౌండ్ 0.3 వోల్టు పైకి లేచి కూర్చుంది, సిగ్నల్ కూడా అంతే పైకి. 0.3ని 2తో గుణిస్తే 0.6 ఏఎఫ్ఆర్, కచ్చితంగా నాకొచ్చిన తేడా. ఈసీయూకి అది లీన్‌గా (పెట్రోల్ తక్కువగా) కనపడి పెట్రోల్ పోస్తూ పోయింది, ఆటోట్యూన్ టేబుల్ మొత్తాన్నీ శ్రద్ధగా పాడు చేసి పెట్టింది. నా అదృష్టం, తప్పు రిచ్ వైపు జరిగింది. తిరగబడి ఉంటే లాగ్‌లో 11.5, లోపల 12.1, నేను ఇంకా పెట్రోల్ తగ్గించుకుంటూ పోయుంటే నాక్ (పెట్రోల్ తనంతట తాను పేలడం) కొట్టి పిస్టన్ పోయుండేది.

పరిష్కారం అరగంట పని. హీటర్ గ్రౌండ్ తీసుకెళ్లి ఈసీయూ పవర్ గ్రౌండ్ ఉన్న ఇంజిన్ బ్లాక్ బోల్టుకే వేశా, సిగ్నల్ గ్రౌండ్ అని సన్న వైరు విడిగా ఉంటుంది, దాన్ని ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కి. రెండూ కలిపి సెన్సర్ గ్రౌండ్ మీద పడేయకండి, హీటర్ కరెంటు అక్కడికొస్తే మిగతా సెన్సర్ల రీడింగులు కూడా గోవిందా. ఇది మాన్యువల్లో ఉందా అంటే ఉంది, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఒకే ఒక్క లైను. మీ ఈసీయూకి కాన్ బస్ (కారులో కంప్యూటర్లు డిజిటల్‌గా మాట్లాడుకునే వైర్లు) ఉంటే కాన్ అవుట్‌పుట్ ఉన్న మోడలే తీసుకోండి, అంకె డిజిటల్‌గా పోతుంది కాబట్టి ఈ గోలే ఉండదు.

రీడింగ్ సరి అయ్యాక ఐడిల్ కథ మొదలైంది. ఫ్యాన్ ఆన్ అయినప్పుడల్లా లీన్ అయి ఇంజిన్ వణుకుతోంది. అది కిట్ తప్పు కాదు, ఇంజెక్టర్ డెడ్ టైమ్. కరెంటు వచ్చాక ఇంజెక్టర్ నిజంగా తెరుచుకోడానికి పట్టే టైమ్ అన్నమాట, బ్యాటరీ వోల్టేజ్ పడితే పెరుగుతుంది. ఐడిల్‌లో మొత్తం పల్స్ 2 మిల్లీసెకన్లు అనుకుంటే అందులో దాదాపు సగం దీనికే పోతుంది, అందుకే కాస్త తేడా ఉన్నా అక్కడ గోల గోల. అదే 7000 ఆర్‌పీఎంలో రెండు చుట్లకి 17 మిల్లీసెకన్లు, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్‌కి కరెంటు ఉండే భాగం) అంటే 13.7, అక్కడ తెలియను కూడా తెలియదు. వోల్టేజ్‌ని బట్టి డెడ్ టైమ్ టేబుల్ సరిచేశాక వణుకు పోయింది. వైడ్‌బ్యాండ్ లేకపోతే ఇది నాకు ఈ జన్మలో దొరికేది కాదు, అందుకు మాత్రం కిట్‌కి దండం.

గేజ్‌ని లాంబ్డాలో (ఉన్న పాళ్లని సరిగ్గా మండే పాళ్లతో భాగిస్తే వచ్చేది, సరిపోతే 1) పెట్టుకోండి అని కూడా చెప్తా. సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డానే, 14.7 అనేది పెట్రోల్ లెక్కతో గుణించి చూపించే అంకె. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పోసినా లాంబ్డా 1 అంటే 1 అంతే. నేనే ఏఎఫ్ఆర్ అలవాటు మానలేకపోతున్నా, పైన రాసినవన్నీ అవే.

మొదటి సెన్సర్ నాలుగు నెలల్లో పోయింది, అది పూర్తిగా నా నిర్వాకం. గేజ్ ఫ్యూజ్ పీకేసి నెల రోజులు అలాగే తిరిగా, హీటర్ వెలగని సెన్సర్ ఎగ్జాస్ట్‌లో ఉంటే మసి పట్టి చస్తుందని అప్పుడు తెలీదు. వాడకపోతే విప్పేసి ప్లగ్ బిగించండి. కొత్తది వేశాక బయట గాలిలో పట్టుకుని చూశా, అంకె పైకి పోయి స్కేల్ చివర ఆగింది, అలా ఆగితే బానే ఉన్నట్టు.

అయిదుకి నాలుగిస్తా, ఆ ఒకటి చివరి పేజీ చీమ అక్షరాలకి కోత. ఇంకో చిన్న విసుగు, రాత్రిపూట గేజ్ వెలుతురు కళ్లలో పొడుచుకుంటుంది. డిమ్మర్ వైరు ఉందంట, హెడ్‌లైట్ వైరుకి కలపాలంట, మళ్లీ డ్యాష్ కింద దూరే ఓపిక లేక నల్ల టేపు ముక్క సగానికి అంటించి నడిపిస్తున్నా.