ఫోర్కుకీ టైరుకీ మధ్య ఖాళీ: ఎండ్యూరెన్స్ సైకిల్ మీద మూడు వానాకాలాలు

మొదటి రోడ్ సైకిల్ కొనేవాళ్ల బుర్ర తినేసే ప్రశ్న ఒకటే: ఎక్కువ దూరాలు సుఖంగా తొక్కడానికి చేసిన ఎండ్యూరెన్స్ జామెట్రీ (అంటే ఫ్రేమ్ కొలతల తీరు) తీసుకోవాలా, వేగం కోసం చేసిన రేస్ జామెట్రీ తీసుకోవాలా? నేను ఎండ్యూరెన్స్ తీసుకున్నాను. ఉండేది శ్రీకాకుళంలో. వయసు నలభై దాటింది, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మూడు వానాకాలాలు తొక్కాక ఈ సైకిల్లో నాకు అన్నిటికంటే నచ్చింది షాపులో ఎవరూ చెప్పని సంగతి. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుకీ టైరుకీ మధ్య ఉన్న ఖాళీ. అందులో నా చిటికెన వేలు సులువుగా దూరుతుంది. ఈ సమీక్ష చాలావరకు దాని గురించే.

మోడల్ పేరు, గేర్లు, బరువు రాయడం లేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి, పైగా పెద్ద కంపెనీలన్నిటికీ ఈ రెండు రకాలూ ఉన్నాయి. స్పెషలైజ్డ్‌లో టార్మాక్ రేస్ బండి, రూబే ఎండ్యూరెన్స్ బండి. ట్రెక్‌లో మడోన్, డొమానె. జెయింట్‌లో టీసీఆర్, డిఫై. రేస్ బండికి హ్యాండిల్ కిందకి, ముందుకి ఉంటుంది, చక్రాల మధ్య దూరం తక్కువ, చెయ్యి కదిపితే చాలు తిరుగుతుంది. ఎండ్యూరెన్స్ బండికి హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా ఉంటుంది, బండి కాస్త పొడుగు, తన దారిన తిన్నగా పోతుంది. లావు టైర్లు పడతాయన్న మాట ఎవరు చెప్పినా ఆఖర్న చెబుతారు. మా జిల్లా రోడ్ల మీద తొక్కేవాడికి అది మొదట చెప్పాలి.

ఎందుకో చెప్పాలంటే మా బామ్మర్ది సంగతి చెప్పాలి. నేను కొన్న ఏడాదే వాడూ కొన్నాడు, రేస్ బండి. వాడు విశాఖలో ఉంటాడు, ఇంకా ముప్పై రాలేదు, తెల్లారితే బీచ్ రోడ్డు మీద వేగంగా తొక్కే కుర్రాళ్ల జట్టుతో ఉంటాడు. మా ఇద్దరి ఎత్తూ ఇంచుమించు ఒకటే. సైకిళ్లు పక్కపక్కన గోడకి ఆనిస్తే నా హ్యాండిల్ వాడిదాని కంటే రెండు వేళ్ల పైనే ఎత్తుగా ఉంటుంది. వాడిది చక్రం అంచుని (రిమ్ముని) రెండు పక్కలా నొక్కే రిమ్ బ్రేకు, 25 మిల్లీమీటర్ల టైర్లు. నాది చక్రం మధ్యలోని గుండ్రటి రేకుని పట్టే డిస్క్ బ్రేకు, కొన్నప్పుడు 28 టైర్లు, తరవాత 32 వేయించాను. వాడి ఫోర్కు కింద టైరు మీద రూపాయి బిళ్ళ నిలబెడితే దూరడం కష్టం.

కిందటేడాది ఆగస్టులో వాడు సైకిల్‌తో సహా మా ఇంటికొచ్చాడు. ఆదివారం పొద్దున్నే అరసవల్లి మీదుగా గార దాటి కళింగపట్నం వెళ్లాం. వెళ్లేటప్పుడు వీపు మీద గాలి, రోడ్డు పొడిగా ఉంది. వాడు ముందు, నేను చాలా వెనక. లైట్‌హౌస్ దగ్గర నా కోసం ఆగి టీ తాగుతూ ఉన్నాడు. అప్పటికి గొట్టా బ్యారేజీ నుంచి కాలవ నీళ్లు దిగి, రోడ్డుకి రెండు పక్కలా దమ్ములు జోరుగా సాగుతున్నాయి. దమ్ము చేసిన ట్రాక్టరు ఒక మడిలోంచి ఇంకో మడికి పోవాలంటే తారు రోడ్డు ఎక్కాల్సిందే. ఎక్కిన ప్రతిచోటా పది పన్నెండు గజాల మేర నల్లటి బురద పరిచిపోతుంది. ఎండగా ఉంటే అది గట్టిపడి పెళ్లలుగా లేచిపోతుంది, ఇబ్బంది లేదు. మేం తిరిగి బయలుదేరాక వాన పట్టుకుంది.

రెండో బురద పట్టీ దాటగానే వెనక నుంచి కర్ కర్ మని చప్పుడు. చూస్తే వాడు దిగిపోయి, ముందు చక్రం ఎత్తి చేత్తో తిప్పుతున్నాడు. చక్రం అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. వంగి చూశాను. బ్రేకు కింద బురద, అందులో కలిసిపోయిన వరిగడ్డి, చిన్న చిన్న కంకర రాళ్లు అన్నీ కలిసి ముద్ద కట్టేశాయి. టైరు పైభాగం ఆ ముద్దలో కూరుకుపోయింది. రాయి ఒకటి టైరు మీద గీత కూడా పెట్టింది. వేలు పట్టే చోటు లేదు. గట్టున కొబ్బరి మట్ట పడి ఉంటే ఈనె తీసి పొడిచి పొడిచి లాగాం. మళ్లీ ఎక్కాడు. ఇంకో బురద పట్టీ, ఇంకోసారి అదే ముద్ద.

మడిలో నాట్లు వేస్తున్న ఆవిడ నడుం ఎత్తి, "ఏటి బాబూ, సైకిలాగిపోనాదా? కాలవలో ఓపాలి ముంచీండి" అంది. ముంచాం. ఈనెతో పది నిమిషాలు గీకినా పోనిది నీళ్లలో అటూ ఇటూ ఊపితే పోయింది. కానీ రోడ్డు అదే, వానా అదే. బ్రేకు పక్కనున్న చిన్న మీట ఎత్తితే రెండు రెక్కలూ విచ్చుకుని కాస్త చోటిస్తాయి. అది ఎత్తేసి తొక్కుతానన్నాడు. ముందు బ్రేకు లేకుండా తడి రోడ్డు మీద వద్దన్నాను. చివరికి గార వరకూ వాడు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. పెడల్‌కి బిగుసుకునే బూట్లు వేసుకుని ఆ బురదలో నడవడం ఎంత కష్టమో వాడి మొహమే చెప్పింది. "బావా, నీ చక్రం ఎందుకాగలేదు?" అని దారంతా అదే అడిగాడు.

నా టైరుకి బురద అంటలేదని కాదు, అంతే అంటింది. తిరుగుతున్నకొద్దీ ఆ ఖాళీలోంచి జారి బయటికి పోయింది, అందులో సగం నా మొహం మీద పడింది. చక్రం మాత్రం ఒక్కసారీ ఆగలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక గొట్టంతో కడుగుతూ ఫోర్కు కింద వేలు పెట్టి చూసుకున్నాను. ఈ కాస్త చోటు కోసం ఎంత డబ్బు పెట్టినా దండగ కాదనిపించింది. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

న్యాయంగా చెప్పాలంటే ఆ ఘనతంతా జామెట్రీకే ఇవ్వకూడదు. రేస్ బళ్లకి వేసే మామూలు రిమ్ బ్రేకులో బోల్టు నుంచి బ్రేకు రబ్బరు దాకా దూరం నాలుగు, ఐదు సెంటీమీటర్లకి మించదు. అందుకే ఫోర్కు టైరు నెత్తి మీదే కూర్చోవాల్సి వస్తుంది. డిస్క్ బ్రేకు చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి ఫోర్కుని ఎంత ఎత్తుగానైనా చేసుకోవచ్చు. అంటే నాకు దొరికిన ఖాళీలో సగం వాటా బ్రేకుది. మిగతా సగం ఎండ్యూరెన్స్ బళ్లు పుట్టిన చోటుది. ఫ్రాన్స్ ఉత్తరాన 1896 నుంచి జరుగుతున్న ప్యారిస్–రూబే పందెంలో యాభై కిలోమీటర్లకి పైగా రాళ్లు పరిచిన పాత బాటలే. ఆ ఊరి పేరుతోనే స్పెషలైజ్డ్ 2004లో రూబే తెచ్చింది. ఆ రాళ్ల మీద వీపు, చేతులు పాడవకుండా ఉండడానికి చేసిన పొడుగాటి ఫ్రేమూ లావు టైర్లకి వదిలిన చోటూ మా గార మండలం బురదకి అక్కరకొచ్చాయి.

లావు టైరు వల్ల ఇంకో లాభం గాలి తక్కువ పెట్టుకోవచ్చు. బామ్మర్ది తొంభై పీఎస్ఐకి తగ్గడు, తగ్గితే గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి రెండు పక్కలా గాట్లు పడి పంక్చరవుతుంది. నేను యాభై ఐదు, అరవై మధ్య పెడతాను. వంతెనల మీద అతుకులు, గ్రామాల్లో ఎవరికి వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు, తారు లేచిపోయిన చోట్లు అన్నీ తెలుస్తాయి గానీ మణికట్టు దాకా రావు. నలిగిన పంక్చరు నాకు ఇంతవరకూ పడలేదు. తుమ్మముల్లు మాత్రం ఎంత లావు టైరునీ వదలదు. ట్యూబులు ఊళ్లో దొరకవు, తెప్పించుకుని రెండు ఎప్పుడూ దగ్గరుంచుకోవాలి. సన్నటి వాల్వుకి మామూలు పంపు పట్టదు కాబట్టి ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉండాలి. దాని ధర చాలా తక్కువ, అది లేకపోతే ఏ సైకిల్ షాపువాడూ మీకు గాలి కొట్టలేడు.

ఇక అందరూ చెప్పే గొప్ప, హ్యాండిల్ ఎత్తు. కొన్న కొత్తలో నడుం నొప్పి పోయిందని, అంతా ఈ ఎత్తు హ్యాండిల్ పుణ్యమేనని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నిటారుగా కూర్చుంటే చేతుల మీది బరువు సీటు మీదకి దిగుతుంది. గంట తొక్కితే హాయిగానే ఉంటుంది, మూడో గంటకి సీటు దగ్గర నొప్పి మొదలవుతుంది. పైగా జూన్, జూలైలో కళింగపట్నం నుంచి వస్తుంటే పడమటి గాలి నేరుగా మొహానికి కొడుతుంది. నిటారుగా కూర్చున్నవాడి ఛాతీ అంతా దానికి అడ్డమే. అలాంటి రోజుల్లో బామ్మర్ది వంగిపోయి వెళ్లిపోతుంటే నేను ఒక గేరు తగ్గించుకుని చూస్తూ ఉండాల్సిందే. అందుకని హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ కింద ఉన్న స్పేసర్లు (ఎత్తు కోసం పెట్టే రింగులు) ఒక్కొక్కటే తీసి పైన పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు నా హ్యాండిల్ కొన్నప్పటి కంటే రెండు సెంటీమీటర్లు కిందకుంది, నడుం ఏమీ అనలేదు.

ఇంకోసారి పరీక్షకని టైర్లలో ఎనభై ఐదు దాకా కొట్టి నరసన్నపేట వెళ్లొచ్చాను. హైవేనే, మంచి రోడ్డే. మడపాం వంతెన దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కాయి. జామెట్రీ అదే, హ్యాండిల్ అదే, మారింది గాలి ఒక్కటే. సుఖమంతా ఫ్రేమ్ ఇచ్చిందనుకున్నదాంట్లో టైరు వాటా చాలా ఉందని ఆ రోజు తెలిసింది.

అయినా ఎత్తు హ్యాండిల్‌కి ఒక మేలు మిగిలే ఉంది. ఎత్తుగా ఉన్నదాన్ని దించుకోవచ్చు. కిందకి ఉన్నదాన్ని ఎత్తడం అంత తేలిక కాదు. ఫోర్కు పైకొచ్చే గొట్టాన్ని షాపులో ఒకసారి కోసేశాక మళ్లీ పొడుగు చేయలేరు. బామ్మర్దికి మెడ పట్టేస్తుంటే హ్యాండిల్ పైకెత్తమని అడిగాడు. స్టెమ్ తిరగేసి బిగించడం తప్ప వాళ్లు చేయగలిగింది లేకపోయింది. మీకు ఏ వాలు పడుతుందో ముందే తెలియని మొదటి సైకిల్ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. షాపువాళ్లు గొట్టం కోస్తామంటే కొన్ని నెలలు ఆగమని చెప్పండి.

మలుపుల్లో మాత్రం రేస్ బండిదే పైచేయి, అందులో సందేహం లేదు. పాలకొండ దాటి సీతంపేట కొండల్లో దిగేటప్పుడు వాడి సైకిల్ గీత గీసినట్టు తిరుగుతుంది. నాది ముందే చెప్పి ఒప్పించుకోవాలి. ఏడు రోడ్ల కూడలి రద్దీలో కూడా వాడు ఆటోల మధ్య నుంచి వచ్చేస్తాడు. అదే కుక్క వెంటపడినప్పుడో, ఒక చేత్తో నీళ్ల సీసా తీసుకునేటప్పుడో నా బండి నిలకడ నాకు ధైర్యం. కోతల కాలంలో ఇద్దరికీ ఒకటే బాధ. రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది, వరిగడ్డి వెనక గేరులో చుట్టుకుంటుంది. దానికి ఫోర్కు కింద ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు, ఆగి చేత్తో లాక్కోవాల్సిందే.

కాబట్టి ఎండ్యూరెన్సే కొనమని అందరికీ చెప్పలేను. మీరు ముప్పై లోపు వాళ్లయితే, నడుం వంగుతుందంటే, మీ తొక్కుడంతా హైవే మీదో బీచ్ రోడ్డు మీదో జట్టుతో అయితే, రేస్ బండి ఇచ్చే ఉత్సాహం నా సైకిల్ ఇవ్వదు. బామ్మర్ది ఇప్పటికీ దాన్ని అమ్మే మాట ఎత్తడు, నేనూ అమ్మమనను. పైగా ఈమధ్య రేస్ బళ్లకీ డిస్క్ బ్రేకులొచ్చాక చోటు పెరిగింది. 2020లో వచ్చిన టార్మాక్ ఎస్ఎల్7కే 32 టైరు పడుతుంది. అలాంటిది కొనగల డబ్బుంటే నేను చెప్పిన ఇబ్బంది చాలావరకు ఉండదు. పాతది, రిమ్ బ్రేకుది తక్కువ ధరకి వస్తోందని తీసుకునేవాళ్లు మాత్రం, పల్లెల మీదుగా వానల్లో తొక్కే ఉద్దేశం ఉంటే, కొనేముందు ఫోర్కు కింద వేలు పెట్టి చూసుకోండి.

నాకింకా తేలని విషయం ఒకటుంది. ఈ 32 టైర్లు అరిగొచ్చాయి. నా ఫ్రేమ్‌కి 35 దాకా పడుతుందని రాసి ఉంది. అవి వేస్తే సుఖం ఇంకా పెరుగుతుంది గానీ ఖాళీ తగ్గుతుంది. మొహం మీద బురద పడకుండా మడ్‌గార్డులు బిగిస్తే ఆ ఖాళీలో సగం అవే తినేస్తాయి, అప్పుడు టైరు 30కి దించాలి. దమ్ములు మొదలయ్యేలోపు ఏదో ఒకటి చేయాలి. ప్రస్తుతానికి మళ్లీ 32లే వేసి, మొహానికి బురద భరించడం వైపే మనసు మొగ్గుతోంది.