వీసా అక్కరలేదు సరే, కాగితాల మాటేమిటి?

మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి, థాయ్‌లాండ్ అంతకు కొద్ది వారాల ముందు నుంచి భారతీయులను వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టాయి. మలేసియా ఇచ్చే గడువు 30 రోజులు. థాయ్‌లాండ్ 2024 జులై 15న తన గడువును 60 రోజులకు పెంచింది, మేం వెళ్లేనాటికి అదే అమల్లో ఉంది. రెండు దేశాలూ ఒకే ప్రయాణంలో చూడాలని కౌలాలంపూర్‌లో దిగి, రైల్లో సరిహద్దు దాటి, బ్యాంకాక్‌లో తిరుగు విమానం ఎక్కేలా వేసుకున్నాం. మా వారు, నేను, మా అత్తయ్యగారు.

ఊళ్ల గురించి, బసల గురించి కూడా చెబుతాను గానీ, ముందు కాగితాల సంగతి. వీసా తీసుకునే ప్రయాణంలో మన టికెట్లు, బ్యాంకు లెక్కలు రాయబార కార్యాలయంవాళ్లు తీరిగ్గా చూసుకుంటారు. వీసా లేని ప్రయాణంలో ఆ పనంతా కౌంటరు వెనుక కూర్చున్న మనిషి నిమిషంలో తేల్చేయాలి. ఆ నిమిషంలో మన చేతికి అందిన కాగితమే కాగితం. మెయిల్లో ఎక్కడో ఉందంటే ఎవరూ ఆగరు.

చాలామంది విదేశీ ఇమిగ్రేషన్‌కు భయపడతారు. మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఇక్కడి చెక్-ఇన్ కౌంటరే. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, “మలేసియా నుంచి బయటకు వచ్చే టికెట్ ఏది?” అంది. బ్యాంకాక్ నుంచి వచ్చే విమానం టికెట్ చూపిస్తే తల అడ్డంగా ఊపింది. ఆమె దృష్టిలో మేం కౌలాలంపూర్‌లో దిగి అక్కడే ఉండిపోయే మనుషులం! రెండు దేశాల సరిహద్దు స్టేషన్ పాదాంగ్ బేసార్ నుంచి బ్యాంకాక్‌కు తీసుకున్న రైలు టికెట్ల ప్రింటవుట్ ముందు పెట్టాక, పైఅధికారిని పిలిచి, ఆయన చూసి తల ఊపాక గానీ బోర్డింగ్ పాసులు రాలేదు. విసుగు వచ్చిన మాట నిజమే, కానీ ఆమె జాగ్రత్తకు కారణం ఉంది. అవతలి దేశం ఎవరినైనా దిగనివ్వకపోతే వెనక్కి తీసుకురావలసిన బాధ్యత విమాన సంస్థదే, చాలా దేశాల్లో జరిమానా కూడా పడుతుంది. అందుకే అన్ని దేశాల ప్రవేశ నిబంధనలూ ఉండే ‘టిమాటిక్’ అనే సమాచార వ్యవస్థలో చూసి మరీ పంపుతారు. ఒక దేశంలో దిగి మరో దేశం నుంచి తిరిగి వచ్చేవాళ్లు మధ్యలో సరిహద్దు దాటే టికెట్‌ను ముందే కొని ఉంచుకోవాలి. అక్కడికి వెళ్లాక బస్సో రైలో చూసుకుందామనే ధోరణి ఈ కౌంటరు దగ్గర చెల్లదు.

తర్వాత మన ఇమిగ్రేషన్. భారతీయులు నింపే డిపార్చర్ కార్డు 2017 జులైలోనే పోయింది కాబట్టి రాసేది ఏమీ లేదు, జవాబులు చెప్పడమే. ఉద్యోగాల పేరుతో థాయ్‌లాండ్‌కు రప్పించి, అక్కడి నుంచి మయన్మార్‌లోని సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన ఉదంతాలు బయటపడ్డాక ఈ దారిన వెళ్లేవాళ్లను, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లను, అడిగి మరీ పంపుతున్నారు. మా ముందున్న అబ్బాయి ఏ హోటలో చెప్పలేక, ఫోనులో ఎవరికో చేయబోతే పక్కకు నిలబెట్టారు. తర్వాత ఏమైందో చూడలేదు.

మా అత్తయ్యగారి విషయంలో నాకు వేరే బెంగ ఉండేది. ఆవిడ పది పాస్ కాలేదు, పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) రకం. ఉద్యోగానికి వెళ్లే ఈసీఆర్ వాళ్లకు ముందస్తు అనుమతి కావలసిన 18 దేశాల జాబితాలో మలేసియా, థాయ్‌లాండ్ రెండూ ఉన్నాయి. పర్యటనకు వెళ్లేవాళ్లకు ఆ అనుమతి అవసరం లేదు, కానీ పర్యటనే అని అధికారికి నమ్మకం కలగాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగులు ఆవిడ పేరుతో ఉన్న ప్రింటవుట్ ఇచ్చాం. “ఎవరితో వెళ్తున్నారమ్మా?” అని ఒక్క ప్రశ్న అడిగి ముద్ర వేశారు. ఇక్కడ ‘ఆవిడ పేరుతో’ అన్న మాట ముఖ్యం. గది మా వారి పేరుతో బుక్ చేస్తే కాగితం మీద ఆయన పేరే వస్తుంది, మిగతా ఇద్దరూ అంకెలే. బుక్ చేసేటప్పుడే అందరి పేర్లూ ఎక్కించమని హోటల్‌కు రాస్తే ఇబ్బంది ఉండదు.

పేర్ల గొడవ ఇంకోటి ఉంది. పాత పాస్‌పోర్టుల్లో మన ఆడవాళ్ల ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. విమానం టికెట్ ఫారం మాత్రం ఇంటిపేరు లేనిదే కదలదు, దాంతో ఉన్న పేరునే రెండుసార్లు కొట్టాలి. అది చూసి కంగారు పడనక్కరలేదు, కౌంటరువాళ్లకు ఇది రోజూ ఉండేదే. సొంత తెలివితో ఇంటిపేరు కల్పించి రాస్తేనే ముప్పు. ఫోటో పేజీ అడుగున రెండు వరుసలు, వరుసకు 44 అక్షరాలు ఉంటాయి. యంత్రం చదివేది వాటినే. అక్కడ లేని పేరు టికెట్ మీద గానీ అరైవల్ కార్డులో గానీ ఉండకూడదు.

అరైవల్ కార్డులు రెండు దేశాలకూ ఆన్‌లైన్‌లోనే. మలేసియాది 2024 జనవరి నుంచి తప్పనిసరి అయింది, థాయ్‌లాండ్‌ది 2025 మే 1 నుంచి. రెండూ ఉచితం, రెండూ చేరడానికి ముందు మూడు రోజుల్లోనే నింపాలి. వెతికితే డబ్బు అడిగే వెబ్‌సైట్లే ముందు కనబడతాయి. చిరునామాలో ప్రభుత్వ గుర్తు ఉందో లేదో చూసుకోండి. మూడు రోజుల నిబంధన వల్ల థాయ్ కార్డు మేం మలేసియాలో ఉండగానే నింపాల్సి వచ్చింది. ఆ ఫారం బస చిరునామాను రాష్ట్రం, జిల్లా, ఉపజిల్లా అంటూ విడివిడిగా అడుగుతుంది. హోటల్ పేరు తెలిస్తే చాలదన్నమాట.

బసలను నేను తూచింది కూడా ఈ చిరునామాతోనే. మలేసియాలోని పెనాంగ్ దీవిలో ఉన్న జార్జ్‌టౌన్‌లో పాతకాలపు దుకాణపు ఇంటిని మార్చి కట్టిన చిన్న అతిథిగృహంలో దిగాం. 2008లో యునెస్కో జాబితాకెక్కిన వీధుల మధ్యన, మెట్లు కాస్త నిటారుగా ఉన్నా గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. బుకింగ్ కాగితంలో ఇంటి నంబరుతో సహా చిరునామా, ఫోన్ నంబరు ఉన్నాయి. బ్యాంకాక్‌లో మొదట తీసుకున్న అపార్ట్‌మెంట్ ఫోటోల్లో ఎంతో బాగుంది. పూర్తి చిరునామా అడిగితే యజమాని, వచ్చే రోజు పంపుతానన్నాడు. అతని దాపరికం వెనుక కారణం ఊహించుకోవచ్చు: థాయ్‌లాండ్‌లో విదేశీయుడికి చోటిచ్చినవారు 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. చిరునామా చెప్పని బస ఎంత చవకైనా నాకు వద్దు. అది రద్దు చేసుకుని మామూలు హోటల్ తీసుకున్నాం. గది చిన్నదే, పనివాళ్లు మాత్రం చురుకు.

కౌలాలంపూర్ విమానాశ్రయంలో వరుస పొడుగ్గా ఉంది గానీ ప్రశ్నలు తక్కువ. అరైవల్ కార్డు చూపమనలేదు, పాస్‌పోర్టు పెట్టగానే తెర మీద వివరాలు కనబడినట్టున్నాయి. వేలిముద్రల దగ్గర మాత్రం అత్తయ్యగారి చూపుడు వేళ్లు యంత్రానికి అందలేదు. తడి రుమాలుతో తుడిచి, గట్టిగా నొక్కించి, మళ్లీ తుడిచి... అధికారి ఓపికకు మెచ్చుకోవాలి. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు తడి రుమాళ్లు చేతిసంచిలోనే ఉంచుకోండి.

ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు పాదాంగ్ బేసార్ స్టేషన్. జార్జ్‌టౌన్‌కు ఎదురొడ్డున ఉన్న బటర్‌వర్త్ నుంచి కమ్యూటర్ రైల్లో రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా చేరాం. మలేసియా అధికారులు, థాయ్ అధికారులు ఒకే స్టేషన్లో ఉంటారు. ఒక కిటికీ దగ్గర బయటికి వెళ్లే ముద్ర, కొన్ని అడుగుల అవతల లోపలికి వచ్చే ముద్ర. గడియారం మాత్రం గంట వెనక్కి తిప్పుకోవాలి. రైలు వేళ ఏ దేశపు లెక్కో చూసుకోనివాళ్లు ప్లాట్‌ఫాం మీద పరుగులు పెట్టడం కళ్లారా చూశాం. కుటుంబమంతా కలిసి నిలబడితే కుదరదు, ఒక్కొక్కరినే పిలుస్తారు. అందుకని ఎవరి టికెట్లు, ఎవరి బుకింగులు, ఎవరి అరైవల్ కార్డు వాళ్ల చేతిలోనే పెట్టాను. అత్తయ్యగారు ఒక్కరే కిటికీ దగ్గరికి వెళ్లి, ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ప్లాస్టిక్ కవరులోంచి ఒక్కో కాగితమే తీసి ఇచ్చి వచ్చేశారు. అన్నీ ఒకే ఫోనులో ఉండి, ఆ ఫోను గీత అవతల ఉంటే ఏం చేసేవారో!

ముద్ర పడగానే కిటికీ వదలకుండా తేదీ చూసుకోండి. ఎప్పటివరకు ఉండవచ్చో థాయ్ ముద్రలోనే ఉంటుంది. మనం లెక్కపెట్టుకున్న రోజులకు విలువ లేదు, దానికే విలువ. గడువు దాటితే రోజుకు 500 బాత్ చొప్పున 20,000 బాత్ దాకా జరిమానా. ఇంకో సంగతి, వీసా లేకుండా భూమార్గాన థాయ్‌లాండ్‌లోకి వెళ్లడం క్యాలెండర్ సంవత్సరంలో రెండుసార్లకే. సరిహద్దు అటూ ఇటూ తిరుగుతూ గడువు పెంచుకుందామనుకునేవాళ్లు గమనించాలి.

రాత్రి రైలు పాతదే, శుభ్రంగా ఉంది. కింది బెర్తు వెడల్పు, పైది ఇరుకు, కాబట్టి పెద్దవాళ్లకు కిందిదే తీసుకోవాలి. 2023 జనవరి నుంచి దూరప్రాంతపు రైళ్లు బ్యాంకాక్ పాత స్టేషన్ హువా లంఫాంగ్‌కు కాకుండా క్రుంగ్ థెప్ అఫివత్ టెర్మినల్‌కు వెళ్తున్నాయి. పాత సలహాలు చదివి హువా లంఫాంగ్ పక్కన హోటల్ తీసుకుంటే పొద్దున్నే సామానుతో ఊరు దాటాల్సి వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు బ్యాంకాక్‌లో ఒక్క ప్రశ్నా లేదు.

ఇప్పుడు నేపాల్ అనుకుంటున్నాం. విమానంలో వెళ్లే భారతీయులకు పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ ఒక్కటే చాలేది 15 ఏళ్లలోపు, 65 దాటినవాళ్లకు. ఇది చదివి వినిపించగానే అత్తయ్యగారు, “నాకు ఆధార్ చాలట. నీ పాస్‌పోర్టు గడువు దగ్గర పడిందన్నావుగా, నీ ఓటరు కార్డు ఎక్కడుందో వెతుక్కో” అన్నారు.